ఉషఃపానం మొదలు ఇసబ్‌గోలు దాకా: మలబద్ధకానికి మన యింటి చరిత్ర

ఉగాది సంచిక తెరిచిన వారికి పంచాంగమూ, పచ్చడీ, పద్యమూ కనిపించడం న్యాయం. అటువంటి చోట మలబద్ధకాన్ని గురించిన వ్యాసమేమిటని కొందరు పెద్దలు ముక్కు మీద వేలు వేసుకోవచ్చును. వారికి ముందుగానే క్షమాపణ చెప్పుకుంటున్నాను. కాని మన మారతహళ్ళి తెలుగు కుటుంబాల్లో మగవారు చాటుగా చెప్పుకుంటూ, ఆడవారు అసలే చెప్పుకోకుండా బాధపడే విషయం ఏదైనా వున్నదంటే అది యిదే. చెప్పుకోవడానికి సిగ్గుపడే జబ్బు ముదిరేదాకా బయటపడదు.

నేను వైద్యుణ్ణి కాను. రైల్వేలో గుమాస్తాను. చదువు మెట్రిక్‌తో ఆగింది. పాత పుస్తకాలూ పాత కాగితాలూ తిరగవేసే అలవాటొకటి మాత్రం వున్నది. ఆ అలవాటు కొద్దీ పోగుచేసుకున్న చరిత్రను, మా యింట్లో జరిగిన ఒక సంగతితో కలిపి పాఠకులకు మనవి చేస్తున్నాను.

మా అమ్మ కథ

2024వ సంవత్సరం వేసవిలో బెంగుళూరు నగరంలో బోరుబావులు ఎండిపోయి, ట్యాంకరు నీళ్ళ కోసం జనం పడిన అవస్థ మనలో ఎవరూ మరచిపోలేదు. ఆ యేడు ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. నాన్నగారు పోయిన తరువాత అమ్మను భీమవరం దగ్గరి మా వూరి నుంచి అంతకు కొద్ది నెలల ముందే తీసుకువచ్చాను. మేముండే వఠారంలో నాలుగు వాటాలు, నాలుగింటికీ కలిపి ఒకే మరుగుదొడ్డి. పొద్దున ఆరు గంటలకు దాని తలుపు దగ్గర ఆఫీసులకూ బడులకూ వెళ్ళేవారి వరుస. ఆ వరుసలో చెంబు పట్టుకుని నిలబడడానికి అమ్మకు సిగ్గు. పైగా నీళ్ళకు కరువు. ఎవరికీ చెప్పకుండా ఆవిడ ఒక ఉపాయం కనిపెట్టింది. నీళ్ళు త్రాగడం తగ్గించింది.

నాలుగు రోజులు, వారం, తొమ్మిది రోజులు గడిచాయి. అడిగితే "బాగానే వుందిరా" అనేది. కడుపుబ్బరం పట్టలేక పక్కవీధి కొట్లో ఏదో చూర్ణం తెప్పించుకుని మ్రింగింది. దానితో కడుపులో మెలిపెట్టి వాంతులు మొదలైనాయి గాని ప్రేగు కదలలేదు. ఆ రాత్రి ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోతుంటే నా చెయ్యి పట్టుకుని, "మీ నాన్న దగ్గరికి పోతానేమో అబ్బాయ్" అన్నది. గట్టిపడిన మలం ప్రేగుకు అడ్డం పడిందని డాక్టరుగారు చెప్పారు. దానిని తీసి, సెలైను ఎక్కించి, రెండు రోజులు వుంచుకున్నారు. ఇంకా ఆలస్యమైతే ప్రమాదమయ్యేదని కూడా అన్నారు.

ఆ డాక్టరుగారు కన్నడిగులు. తెలుగు చక్కగా మాట్లాడారు. మందుచీటీ వ్రాసేముందు అమ్మను మూడే ప్రశ్నలు అడిగారు. "అమ్మా, రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్ళు త్రాగుతారు? ఏ వేళకు దొడ్డికి వెళతారు? ఏమేమి తింటారు?" మూడింటికీ అమ్మ దగ్గర జవాబు లేదు. ఆవిడతో పాటు నేను కూడా తల దించుకున్నాను.

ఇంటికి వచ్చిన తరువాత అమ్మ ఒక మాట అన్నది. "మా అత్తగారు నెలకోసారి అందరికీ ఆముదం పట్టించేదిరా. ఇక్కడ ఆముదం దొరక్క కాదు. ఆ పొద్దు దొరకడం లేదు." ఆ మాట పట్టుకునే యీ చరిత్ర వెదకడం మొదలుపెట్టాను. వెదికిన కొద్దీ అమ్మ మాటే నిజమని తోచింది. మన పెద్దలు యీ బాధకు వాడింది ఒక మందు కాదు, ఒక దినచర్య. వలస వచ్చిన మనం మందులు మూటగట్టుకుని వచ్చి, దినచర్యను వూళ్ళో విడిచివచ్చాము.

పాత వైద్యులు ఏమన్నారు

ఆయుర్వేదంలో ఆరోగ్యవంతుడి కోసం వ్రాసిన భాగాలు వున్నవి. వాగ్భటుని అష్టాంగహృదయంలో దినచర్యకు ఒక అధ్యాయమే కేటాయించారు. తెల్లవారుజామున లేవడం, కాలకృత్యం తీర్చుకోవడం, పండ్లు తోముకోవడం, అభ్యంగనం, వ్యాయామం, స్నానం, యిట్లా రోజును వరుసగా పేర్చి చెప్పారు. చరకసంహిత సూత్రస్థానంలో ఏడవ అధ్యాయం పేరు నవేగాన్ధారణీయం. శరీరం తనంతట తాను పుట్టించే వేగాలను ఆపరాదని ఆ పేరుకు అర్థం. మలమూత్రాలు, తుమ్ము, ఆవులింత, ఆకలి, దప్పిక, నిద్ర, కన్నీరు మొదలైన 13 వేగాలను అందులో లెక్కపెట్టి, ఏది ఆపితే ఏ బాధ కలుగుతుందో వివరించారు. ఆపదగినవి లోభం, కోపం, అసూయ వంటి మనస్సు వేగాలని కూడా అదే అధ్యాయంలో వున్నది. మనం దీనిని సరిగ్గా తలక్రిందులుగా ఆచరిస్తున్నాము.

వాగ్భటుడు మరొక జాగ్రత్త కూడా చెప్పాడు. వచ్చిన వేగాన్ని ఆపవద్దు, రాని వేగాన్ని బలవంతాన తెప్పించవద్దు. ఈ రెండో మాట చూర్ణాల డబ్బాల మీద ఎక్కడా కనబడదు.

ఈనాటి వైద్యశాస్త్రం కూడా దీనినే మరొక విధంగా చెబుతున్నది. పెద్ద ప్రేగు చేసే పనుల్లో మలంలోని నీటిని పీల్చుకోవడం ఒకటి. పిలుపు వచ్చినప్పుడు వెళ్ళక ఆపుకుంటే మలం అక్కడే నిలిచి యింకా నీరు కోల్పోయి గట్టిపడుతుంది. పదే పదే ఆపుకుంటే పిలుపే మందగిస్తుంది. నిద్ర లేచిన తరువాతా, భోజనం చేసిన తరువాతా పెద్ద ప్రేగుకు సహజంగా కదలిక ఎక్కువ. తెల్లవారి లేవగానే చెంబెడు నీళ్ళు త్రాగే ఉషఃపానమూ, ఆ తరువాత చెంబు పట్టుకుని పొలం గట్టుదాకా నడకా, గొంతుక్కూర్చోవడమూ, యివన్నీ ఆ వేళకు సరిగ్గా సరిపడినవే. అయితే ఆరుబయటి అలవాటును నేను మెచ్చుకోవడం లేదు. దానితో వచ్చిన రోగాలూ, ఆడవారు చీకటి పడేదాకా ఆపుకుని పడిన బాధా తక్కువవి కావు. అందులో మంచిది నీరూ, నడకా, వేళా మాత్రమే.

రైలు చెప్పే పాఠం

నా ఉద్యోగం కొద్దీ యిక్కడ రెండు మాటలు. మన దేశంలో రైళ్ళు నడిచిన తొలి రోజుల్లో క్రింది తరగతి పెట్టెల్లో మరుగుదొడ్లు వుండేవి కావు. 1909లో ఓఖిల్ చంద్ర సేన్ అనే బెంగాలీ ప్రయాణికుడు సాహిబ్‌గంజ్ రైల్వే కార్యాలయానికి ఒక ఉత్తరం వ్రాశాడు. పనసపండు తిని కడుపుబ్బి, స్టేషనులో దిగి దొడ్డికి వెళితే, యింతలో గార్డు ఈల వేసి బండిని పోనిచ్చాడట. ఒక చేత చెంబు, మరొక చేత ధోవతి పట్టుకుని పరుగెత్తి, అందరి ముందూ పడ్డానని తన వచ్చీరాని ఇంగ్లీషులో మొర పెట్టుకున్నాడు. ఆ ఉత్తరాన్ని ఢిల్లీ రైలు మ్యూజియంలో ప్రదర్శించారు. చూసినవారందరూ నవ్వుతారు. నేనూ నవ్వాను. అమ్మ సంగతి జరిగిన తరువాత మాత్రం ఆ నవ్వు రాలేదు.

ప్రయాణికుల పెట్టెలకు ఆ సౌకర్యం వచ్చినా, బండిని నడిపే యింజను మీద మరుగుదొడ్డి వున్న మొదటి యింజను 2016లో గాని రాలేదు. అంతకాలం డ్రైవర్లు గంటల తరబడి ఆపుకున్నారు. ఈనాడు వర్తుల రహదారి మీద రెండు గంటలు బస్సులో కూర్చునేవారూ, రాత్రి షిఫ్టు చేసేవారూ, మరుగుదొడ్డి బాగుండదని బడిలో నీళ్ళు త్రాగని పిల్లలూ, అందరూ ఆ యింజను డ్రైవరు వంటివారే.

ఆముదం, సునాముఖి, కరక్కాయ

ఇక మందుల సంగతి. తెలుగుదేశంలో మొదటి స్థానం ఆముదానిది. తెలంగాణా చెలకల్లో ఆముదం పంట వెనుకటి నుంచీ వున్నది. యిప్పుడు దేశంలో పెద్ద పంట గుజరాతుది. దీపానికీ, తలకూ, బాలింత వంటికీ, బండి యిరుసుకూ ఆముదమే. ఒకప్పుడు మన దేశపు రైళ్ళలో దీపాలకూ, యంత్రాల కందెనకూ కూడా ఆముదం వాడేవారు. కడుపులోకి పోయిన ఆముదం నుంచి పుట్టే ఒక ఆమ్లం ప్రేగు గోడలను రెచ్చగొట్టి బలంగా కదిలిస్తుంది. అందువల్ల అది గట్టి భేదిమందు. దాని శక్తి ఎంతటిదంటే 1920ల్లో ఇటలీలో ముస్సోలినీ అనుచరులు తమ ప్రత్యర్థులను అవమానించడానికి వారి చేత బలవంతంగా ఆముదం త్రాగించేవారు.

మన యిళ్ళలో కూడా పిల్లల ముక్కు మూసి ఆముదం పోయడం ఒక అలవాటుగా వుండేది. ప్రేమతో చేసినదే గాని ప్రమాదం వున్నది. ఏడ్చే పిల్లవాడి గొంతులో నూనె పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి జబ్బు చేయవచ్చు. గర్భిణీ స్త్రీలు డాక్టరు చెప్పనిదే ఆముదం త్రాగరాదు. ఆముదపు గింజల్లో విషం వున్నది గనుక వాటిని నమలనే కూడదు.

రెండవది సునాముఖి, మన నేలతంగేడు. తిరునల్వేలి ప్రాంతపు సునాముఖి ఆకు విదేశాలకు కూడా ఎగుమతి అవుతున్నది. కొట్లలో దొరికే అనేక చూర్ణాల్లోనూ, యింగ్లీషు మాత్రల్లోనూ పనిచేసే సరుకు యిదే. అవసరానికి కొద్ది రోజులు వాడితే మంచి మందు. డాక్టరు సలహా లేకుండా నెలల తరబడి రోజూ వాడడం మంచిది కాదు. ఆకుమందు అన్నంత మాత్రాన హాని లేదనుకోవడం పొరపాటు. మూడవది కరక్కాయ. తానికాయ, ఉసిరికాయలతో కలిపితే త్రిఫల. పై రెండింటికన్నా సౌమ్యమైనదని దీనికి పేరు.

ఇసబ్‌గోలు మన పాత వంటింటిది కాదు. పారశీక భాషలో ఆ పేరుకు గుర్రపు చెవి అని అర్థం. గింజ ఆకారాన్ని బట్టి ఆ పేరు వచ్చింది. గుజరాతు, రాజస్థానాల్లో ఎక్కువగా పండిస్తారు. దాని పొట్టు ప్రేగును రెచ్చగొట్టదు. నీటిని పట్టుకుని ఉబ్బి, మలాన్ని మెత్తగా, బరువుగా చేస్తుంది. అందుకే నిండు గ్లాసు నీళ్ళలో కలిపి వెంటనే త్రాగి, పైన మరికొన్ని నీళ్ళు త్రాగాలి. నీళ్ళు లేకుండా మ్రింగితే గొంతులోనే అడ్డుపడగలదు. అంటే నీళ్ళు త్రాగనివారికి ఇసబ్‌గోలు కూడా దిక్కు కాదు.

నీటితో, మట్టితో చికిత్స

మందు లేకుండా యీ బాధ పోగొట్టవచ్చునని చెప్పిన ప్రకృతి చికిత్స చరిత్రలో తెలుగుకు మంచి స్థానం వున్నది. జర్మనీలో లైప్జిగ్ పట్టణానికి చెందిన లూయీ కూనే (1835-1901) తొట్టిలో నడుము దాకా చల్లని నీళ్ళలో కూర్చుని పొత్తికడుపును రుద్దుకునే స్నానాన్ని ప్రచారం చేశాడు. ఆయన పుస్తకాన్ని డి. వెంకట చలపతి శర్మగారు 1894లో తెలుగులోకి తెచ్చారు. హిందీ, ఉర్దూ భాషల్లోకి అది పదేళ్ళ తరువాత గాని రాలేదు. రోడ్డూ వైద్యుడూ సరిగా లేని ఆనాటి పల్లెల్లో నీళ్ళతొట్టి తప్ప ఖర్చులేని యీ వైద్యం ఎంత ఆశ కలిగించి వుంటుందో ఊహించుకోవచ్చు.

కూనేను చదివినవారిలో గాంధీగారు ఒకరు. ఆయన ఆనాడు మనవలెనే వలస వచ్చినవాడు. దక్షిణాఫ్రికాలో, జోహాన్నెస్‌బర్గు నగరంలో వకీలు వృత్తి చేస్తూ మలబద్ధకంతోనూ తలనొప్పితోనూ బాధపడినట్లు ఆత్మకథలో దాచకుండా చెప్పుకున్నారు. అప్పుడప్పుడు భేదిమందు పుచ్చుకునేవారట. ఉదయపు ఫలహారం మానేస్తే తలనొప్పి పోయింది గాని మలబద్ధకం పోలేదు. కూనే తొట్టిస్నానం కొంత వరకే పనిచేసింది. తరువాత ఆడాల్ఫ్ జస్ట్ అనే మరొక జర్మను వ్రాసిన పుస్తకం చదివి, తడిమట్టిని పలుచని గుడ్డలో పరచి రాత్రి పొత్తికడుపు మీద కట్టుకున్నారు. దానితో గుణం కనిపించిందని వ్రాసుకున్నారు. దేశమంతా చదివే పుస్తకంలో తన విరేచనం సంగతి వ్రాయడానికి ఆయన సిగ్గుపడలేదు. మనం డాక్టరు చెవిలో చెప్పడానికి సిగ్గుపడుతున్నాము.

1946లో గాంధీగారు పూనా దగ్గరి ఉరుళి కాంచన్‌లో ప్రకృతి చికిత్సాలయం నెలకొల్పారు. మన వైపు భీమవరంలో వేగిరాజు కృష్ణంరాజుగారి ప్రకృతి ఆశ్రమం పేరు పొందింది. మా చిన్నతనంలో పెద్దలు ఏడాదికొకసారి అక్కడికి పోయి వచ్చినవారిని, "ఆశ్రమంలో వున్నన్నాళ్ళూ బాగానే వుంటారు, యింటికొస్తే మళ్ళీ మామూలే" అని వేళాకోళం చేసేవారు. 1970లో హైదరాబాదులో గాంధీ పేరనే ప్రకృతి చికిత్సా కళాశాల వెలిసింది.

ఈ వైద్యుల పొరపాటు కూడా చెప్పకపోతే చరిత్ర కాదు. సర్వరోగాలకూ మూలం కడుపులో నిలిచిన మలమేననీ, అందులోని విషం రక్తంలో కలిసిపోతుందనీ కూనే కాలంలో చాలామంది నమ్మారు. పెద్ద డాక్టర్లు కూడా నమ్మారు. లండనులో సర్ ఆర్బత్‌నాట్ లేన్ అనే శస్త్రవైద్యుడు మలబద్ధకానికి పెద్ద ప్రేగునే కోసి తీసివేశాడు. 1919లో అమెరికాలో వాల్టర్ అల్వారెజ్ అనే వైద్యుడు ఆ విషవాదాన్ని ఖండించాడు. మలబద్ధకంలో కలిగే తలనొప్పీ, బడలికా చాలావరకు ప్రేగు సాగి వత్తిడి పడడం వల్ల వచ్చేవే గాని విషం వల్ల కాదన్నాడు. విరేచనం కాగానే తల తేలికపడడమే అందుకు నిదర్శనం. విషం అయితే అంత త్వరగా రక్తంలో నుంచి పోదు గదా! కాబట్టి ఒక పూట కాలేదని హడలిపోయి భేదిమందు మ్రింగనక్కర లేదు. కొందరికి రోజుకు మూడుసార్లు, మరికొందరికి వారానికి మూడుసార్లు, బాధ లేకుండా అయితే రెండూ మామూలే.

మరబియ్యం వచ్చిన తరువాత

ఇక తిండి సంగతి. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయిన తరువాత గోదావరి డెల్టాలో వరి విస్తరించింది. ఆనాటి బియ్యం రోకటి దంపుడు బియ్యం, తవుడు కొంత గింజను అంటుకుని వుండేది. తరువాత వచ్చిన మరలు గింజను మల్లెపూవులా తెల్లగా చేశాయి. ఆ తెలుపే మనకు గౌరవమైంది. 1934లో గాంధీగారు నెలకొల్పిన అఖిల భారత గ్రామపరిశ్రమల సంఘం దంపుడు బియ్యం తినమని ఊరూరా ప్రచారం చేసింది. విన్నవారు తక్కువ.

దీనికి శాస్త్రం దొరకడానికి చాలాకాలం పట్టింది. ఉగాండాలో పనిచేసిన డెనిస్ బర్కిట్ అనే ఐరిష్ శస్త్రవైద్యుడు, తన మిత్రులతో కలిసి 1972లో లాన్సెట్ పత్రికలో ఒక పరిశోధన ప్రకటించాడు. ముతక తిండి తినే ఉగాండా పల్లెవాసుల్లో తిన్నది బయటికి రావడానికి సుమారు 36 గంటలు పడితే, తెల్లరొట్టె తినే ఇంగ్లండు వారిలో సుమారు 83 గంటలు పట్టింది. తేడా పీచు పదార్థానిదన్నాడు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్లబియ్యంలో పీచు 3 గ్రాములకు లోపే. జొన్నల్లో సుమారు 10, రాగుల్లో సుమారు 11, జామకాయలో 8 గ్రాముల పైచిలుకు. పెద్దవారికి రోజుకు కనీసం 25 గ్రాముల పీచు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటున్నది. మూడు పూటలా తెల్ల అన్నమూ, ఇడ్లీ, అప్పడంతో ఆ లెక్క ఎప్పటికి పూర్తయ్యేను?

ఇందులో మనకు ఇరుగుపొరుగు ముచ్చట ఒకటి వున్నది. మైసూరులో పుట్టిన పి.వి. సతీష్‌గారు తెలంగాణాకు పోయి, జహీరాబాదు ప్రాంతపు పేద దళిత స్త్రీలతో కలిసి జొన్న, కొర్ర, సామ వంటి చిరుధాన్యాల విత్తనాలను కాపాడారు. 2023లో కాలం చేశారు. అట్లాగే కడప జిల్లా ప్రొద్దుటూరు నుంచి వచ్చి మైసూరులో స్థిరపడిన ఖాదర్ వలీగారు చిరుధాన్యాలను ప్రచారం చేసి 2023లో పద్మశ్రీ పొందారు. చిరుధాన్యాలు అన్ని రోగాలకూ మందని నేననను, పీచుకు మాత్రం లోటు లేదు. కన్నడిగుల రాగిముద్ద, మన రాయలసీమ రాగిసంగటి ఒక్క తల్లి పిల్లలే. భాష మారినా కడుపు ఒకటే.

మనం చేయదగినది

ఈ చరిత్రంతా కూర్చి చూస్తే డాక్టరుగారి మూడు ప్రశ్నలే మిగులుతున్నవి.

మొదటిది నీరు. లేవగానే ఒకటి రెండు గ్లాసులు, తరువాత దాహానికి తగినట్లు రోజంతా. గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు వున్నవారు మాత్రం డాక్టరు చెప్పిన కొలత దాటరాదు.

రెండవది వేళ. ఉదయం లేచిన తరువాత గాని ఫలహారం అయిన తరువాత గాని పది నిమిషాలు ఆ పనికే కేటాయించాలి. చేతిలో సెల్‌ఫోను వుండరాదు. పాశ్చాత్యపు బేసిను వున్న యిళ్ళలో పాదాల క్రింద జానెడు ఎత్తు పీట వేసుకుంటే గొంతుక్కూర్చున్న భంగిమ వస్తుంది. ముక్కడం వద్దు. పూటకు అరగంట నడక ప్రేగుకు కూడా మేలు.

మూడవది తిండి. వారానికి రెండు పూటలు సంగటి గాని జొన్నరొట్టె గాని, రోజూ ఒక ఆకుకూర, ఒక పండు, పొట్టుతో పప్పులు. పీచును ఒక్కసారిగా పెంచితే కడుపుబ్బుతుంది. రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచాలి.

ఇన్ని చేసినా తీరని బాధలు వుంటాయి. థైరాయిడు, మధుమేహం వంటి జబ్బులూ, ఐరను మాత్రలూ, కాల్షియం మాత్రలూ, కొన్ని నొప్పిమందులూ మలబద్ధకం కలిగిస్తాయి. మలంలో రక్తం కనబడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, నలభై అయిదు దాటిన తరువాత అలవాటు కొత్తగా మారినా, కడుపుబ్బి వాంతులై అపానవాయువు కూడా పోకపోయినా యింటివైద్యం చేయరాదు. వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి. మా యింటి అనుభవం వల్ల యీ మాట గట్టిగా చెబుతున్నాను.

మా వఠారం టైంటేబిలు

అమ్మ యింటికి వచ్చిన వారం రోజులకు, ఒక ఆదివారం సాయంత్రం, వఠారంలోని నాలుగు వాటాలవారినీ కూర్చోబెట్టి సంగతి చెప్పాను. మొదట అందరూ నేల చూశారు. అప్పుడు పక్క వాటా కన్నడ అజ్జిగారు, తాను కూడా రెండేళ్ళుగా సాయంత్రం అయిదు దాటితే నీళ్ళు త్రాగడం లేదని మెల్లగా బయటపెట్టింది. ఆవిడ కోడలు ఆ మాట వినడం అదే మొదటిసారి.

గుమాస్తాను గదా, నాకు తెలిసిన విద్య ఒక్కటే. తెల్లకాగితం మీద గీతలు గీసి టైంటేబిలు వేశాను. అయిదు నుంచి ఆరు దాకా పెద్దవారికి. ఆరు నుంచి బడిపిల్లలకు. ఆ తరువాత ఉద్యోగస్తులం. ఎవరికైనా అత్యవసరమైతే ఎక్స్‌ప్రెస్ బండివలె అందరూ దారి యివ్వాలి. పెద్దవారి కోసం రెండు బిందెల నీళ్ళు ముందురోజు రాత్రే నింపి వుంచాలి. ఆ కాగితం మరుగుదొడ్డి తలుపు మీద అతికించాను. రెండుసార్లు చిరిగిపోతే కొత్తది వ్రాశాము. కన్నడంలో అజ్జిగారి మనుమడు వ్రాశాడు.

యిప్పుడు అమ్మ అయిదింటికి లేచి, రాగిచెంబుతో నీళ్ళు త్రాగి, వఠారం ముందు పది సార్లు అటూ యిటూ నడుస్తుంది. అజ్జిగారు తోడు. ఒకరికి తెలుగు రాదు, ఒకరికి కన్నడం రాదు. మాటలు మాత్రం ఆగవు. ఆముదం సీసా అలమరలో వున్నది గాని అది యిప్పుడు తలకు రాసుకోవడానికే. అమ్మ అన్న ఆ పొద్దు, కొంత వరకైనా, మారతహళ్ళిలోనే దొరికింది.

ఉగాది నాడు మొట్టమొదట పచ్చడి తిని, ఆరు రుచులనూ కడుపులోకి ఆహ్వానిస్తాము. ఆ కడుపు సంగతి మిగిలిన సంవత్సరమంతా మరచిపోతాము. ఈ పండుగనాడు ప్రతి యింట్లోనూ పెద్దవారిని పక్కకు పిలిచి, ఆ మూడు ప్రశ్నలు మెల్లగా అడగండని నా విన్నపం. వారు "బాగానే వుంది" అంటారు. మరొక్కసారి అడగండి.